ఎర్రంచు తువ్వాలు

ఆదోని బస్టాండు మైకు మోగింది. "ఎమ్మిగనూరు మగ్గాల పెద్దాయన తప్పిపోయినాడు. మతిమరుపు మనిషి. భుజాన ఎర్రంచు నేత తువ్వాలు ఉంది."

ఆ తువ్వాలు నా పక్కన కూర్చున్న ముసలాయన భుజానే ఉంది. ఆయనేమో గబుక్కున లేచాడు.

"పాపం, యాడ తిరుగుతాండాడో! రాప్పా, ఎతుకుదాం."

ఇలాంటివారితో వాదించకూడదని గ్రంథాలయంలో చదివినవాణ్ణి, వెంట నడిచాను. ఎదురైన ప్రతివాడి తువ్వాలు అంచునూ వేళ్లతో నలిపి, "ఇది మిల్లు గుడ్డ. ఈయప్ప కాదు" అంటూ సాగాడు. మెల్లగా ఆయన్ని మైకు గదికి చేర్చాను.

"నాయనా!" అంటూ కూతురు ఏడుస్తూ వాటేసుకుంది. ఆమె కళ్లు తుడవబోయి, తన తువ్వాలు అంచు తడిమి ఆగాడు. మొహం వెలిగింది.

"ఏడ్సొద్దమ్మా, దొరికినాడు! ఇది మన మగ్గం గుడ్డే!"

ఆమె ఏడుపులోనే నవ్వేసింది. ఇప్పటికీ తువ్వాలు కనబడితే చాలు, నా వేళ్లు అంచు మీదికే పోతాయి.