అత్తమ్మ నేసిన ఉన్ని పక్క

మా అత్తమ్మ పోయింది. మొన్న కార్తీక సోమవారం పొద్దున స్నానం చేసి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. కాఫీ తెచ్చేసరికే ప్రాణం లేదు. గద్వాలలో చాలామందికి ఆమె చీరలు నేసిన మనిషిగానే తెలుసు. ఆ మగ్గం మీదే ఆమె చంటిపిల్లలకు ఉన్ని పక్కలు కూడా నేసింది. వాటి మీద పెరిగిన మొదటి పిల్ల నా కూతురే కాబట్టి, ఆ సంగతి రాయవలసింది నేనే.

నాకు తొలి కాన్పు నెలలు నిండకముందే, పుష్యమాసం చలిలో అయింది. దవాఖానలో కొన్నాళ్ళు ఉంచుకుని పంపేటప్పుడు డాక్టరమ్మ, "పాలు పట్టండి, ఒంటికి ఆనించుకోండి, వెచ్చగా ఉంచండి. పాప చల్లబడితే మాత్రం వెంటనే తీసుకురండి" అని మరీ మరీ చెప్పింది. మా ఆయన కర్నూలు నుంచి ఒక మెరిసే దుప్పటి తెచ్చారు. చూడటానికి ముచ్చటగానే ఉండేది. అందులో చుట్టిన కాసేపటికే పాప మెడ కింద చెమట పట్టేది. ఆ తడి ఆరక వీపు చల్లబడేది. ఒకరోజు అత్తమ్మ పాప వీపు కింద చెయ్యి పెట్టి చూసి, ఆ దుప్పటిని మడతపెట్టి అవతల పడేసింది.

"గిది గాలి ఆడనియ్యదు, తడి గుంజుకోదు. దీంట్ల పెడితే పిల్ల ఉడుకుతది, మల్ల సల్లవడ్తది. ఉన్ని గావాల" అంది.

మా వైపు ఉన్ని అంటే గొంగడే. చింతగింజల గంజి పెట్టి నేస్తారు కనుక పెద్దవాళ్ళ ఒంటికే గుచ్చుకుంటుంది. పాప చర్మం ఉల్లిపొరలా ఉంది. అదే అన్నాను.

"గొంగడి ఎవరు తెస్తున్నరు బిడ్డా? గంజి లేకుంట నేనే నేస్త."

పట్టూ నూలూ తప్ప మరొకటి ముట్టని చేతులవి. అయినా నాకు అనుమానం రాలేదు. మామయ్య చనిపోయిన ఏడాది, ఆయన సగంలో వదిలిన చీరను పూర్తి చెయ్యడానికి ఆమె మగ్గం గుంటలోకి దిగిందట. ఆడదానివి నీకెందుకు అన్నవాళ్ళకు, నేసిన చీర మగ్గం మీంచి కోసి చేతికిచ్చిందట, అంతే.

మర్నాడే బీచుపల్లి బస్సెక్కింది. అక్కడ కృష్ణ ఒడ్డున గొర్రెలు మేపే కురుమల ఇంటావిడ ఒకామె అత్తమ్మకు ఎరుక. అక్కడ జరిగింది తర్వాత ఆవిడే నాకు చెప్పింది. గొర్రెపిల్లల తొలి కత్తెర ఉన్ని మెత్తగా ఉంటుందని, అది కావాలని అత్తమ్మ అడిగింది.

"ఇప్పుడు కత్తెర వెయ్యమక్కా. ఈ సలికి బొచ్చు తీస్తే పిల్లలు బతుకవు" అని ఆవిడ చెప్పేసింది.

అత్తమ్మ వెంటనే లేచింది. "అయితే వద్దు. నా మనుమరాలి కోసం నీ పిల్లలను సలికి పెడ్తనా? ఇంకెవరింట్లనన్న పాత ఉన్ని ఉంటదేమో అడుగుత."

గుమ్మం దాటుతున్న ఆమెను ఆవిడే ఆపి, లోపలి నుంచి ఒక మూట తెచ్చింది. పోయిన కత్తెరలో తీసి, తన బిడ్డ కాన్పుకని దాచుకున్న ఉన్ని అది.

"నా బిడ్డకు ఇంక జర టైముంది. నువ్వు తీస్కపో."

"రెండు నేస్త. ఒకటి నీ బిడ్డకు" అంది అత్తమ్మ.

ఆ ఉన్నిని కుంకుడు నురుగులో కడిగి, ఆరబెట్టి, ఏకి, కదురు మీద వడికే దాకా ఇద్దరూ కలిసే కూర్చున్నారు. అన్నాళ్ళూ ఇక్కడ మేం పాత నూలు చీర చుట్టి, వంతుల వారీగా పాపను గుండెలకు ఆనించుకుని గడిపాం.

పోగులతో ఆమె తిరిగొచ్చేసరికి మా పెదమామ అరుగు మీద ఉన్నాడు.

"పట్టు నేసే మగ్గం మీద గొర్రె బొచ్చు ఏందమ్మా? నలుగురు ఏమంటరు?"

"పట్టు గూడ పురుగు ఇచ్చిందే గద బావా. మగ్గానికి లేని పట్టింపు మనకెందుకు?" అని లోపలికి వచ్చేసింది.

నూలు పడుగు, ఉన్ని పేక. మొదట అలవాటు కొద్దీ బిగించి నేసింది. బట్ట అట్టలా వచ్చింది. మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. పోగు తెగితే ముడి వెయ్యలేదు, పాప వీపుకు తగులుతుందని. రెండు కొసలూ విప్పి, తడి చేతులతో కలిపి నలిపి అతికించేది. పక్క నా చేతికిచ్చి, "కింద పరుచు. మూతి మీదికి మాత్రం రానియ్యకు. పిల్లకు గాలి ఆడాల" అంది.

ఆ రోజు నుంచి పాప వీపు కింద చెయ్యి పెడితే వెచ్చగా, పొడిగా ఉండేది. ఉన్నే నా బిడ్డను బతికించిందని అనను. పాలున్నాయి, డాక్టరమ్మ ఉంది, మా ఒంటి వేడి ఉంది. కానీ అది వచ్చాక పాప ఉలికిపడకుండా నిద్రపోయింది. నిద్రపోయిన పిల్ల పాలు తాగింది. పాలు తాగిన పిల్ల ఒళ్ళు చేసింది. ఇప్పుడు పదో తరగతి చదువుతోంది.

ఆ ఏడు ఎండాకాలంలోనూ పాప కింద ఆ పక్క తియ్యలేదు. పక్కింటావిడ చూసి, "ఇంత ఎండల ఉన్ని ఏంది, పిల్ల మాడిపోదా?" అంది. అత్తమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని పాప వీపు కింద పెట్టింది. చెమట లేదు. ఉన్ని చలికెంత పనికొస్తుందో చెమటకూ అంతే పనికొస్తుందని ఆ వీధికి అలా తెలిసింది. ఆ వానాకాలమే పక్కింటావిడ తన మనవడికి అడిగి నేయించుకుంది. తర్వాత గోపాల్‌పేట నుంచి, వీపనగండ్ల నుంచి కూడా బాలింతల తల్లులు వచ్చారు. మగ్గం మీంచి ఒక చీర దిగి మరో చీర ఎక్కేలోపు ఆమె ఒక పక్క నేసేది. మొదట్లో మాట ఇచ్చిన రెండో పక్క బీచుపల్లికి ఎప్పుడో చేరింది.

ఆ తర్వాత అంగళ్ళలోకి ప్లాస్టిక్ పరిచిన స్పాంజి పక్కలు వచ్చాయి. కొత్త కోడళ్ళు వాటినే కొనుక్కున్నారు. "ఇంక ఎవరికోసం అత్తమ్మా?" అని అడిగాను.

"అడిగినోళ్ళకు ఇస్త. అడగనోళ్ళను తిట్ట. నేసుడు మాత్రం ఇడువ."

విడవలేదు. పోయిన చలికాలానికి చూపు బాగా తగ్గింది. పొద్దున్నే ఎండలో చాప వేసుకుని, ఉన్నిలో చిక్కుకున్న పల్లేరు ముళ్ళు ఏరుతూ కూర్చునేది. మగ్గంలో పేక పోగు నడిపే నాడె విసిరి విసిరి మొద్దుబారిన వేళ్ళకు మెత్తదనం తెలియదని, ఒక్కో పింజనూ చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకునేది. గుచ్చితే చాప మీదికి, గుచ్చకపోతే ఒడిలోకి. ఎండ అరుగు దిగి వీధిలోకి జరిగేసరికి ఒడి నిండేది. లేచి లోపలికి వస్తుంటే, ఆమె చెంప మీద నల్లని ఉన్ని నూగు అంటుకుని ఉండేది.