బుల్లులు గ్రహం మీది నేల

ఆ గ్రహానికి ఇంకేదైనా పేరు పెట్టి ఉంటే ఆ అడుగులు పడేవా? ప్రోగ్రామరుకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

వీడియో గేములు తయారుచేసే ఆ ఆఫీసులో అక్క పని నేలను పరీక్షించడం. కొత్త గ్రహం తయారవగానే తెరమీద బొమ్మమనిషిని నడిపించి, ఎక్కడ కాలు దిగబడుతోందో, ఏ బండలోంచి తల అవతలికి దూరిపోతోందో చెప్పాలి. "రోజంతా రాళ్లకు తల బాదుకుంటే జీతమిస్తారంటే మా అమ్మ ఒక పట్టాన నమ్మదు," అని నవ్వేది. వయసులో పెద్దది కాబట్టి అందరికీ అక్కే.

అక్కడ గ్రహాలు పేరులోంచే పుడతాయి. పేరు కొడితే ఆ అక్షరాలను బట్టి కంప్యూటరు కొండలూ లోయలూ అల్లుతుంది. పేరు మార్చారా, పాత నేల, దానిమీది గుర్తులు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

ఒకనాడు పేరు పెట్టే వంతు అక్కకు వచ్చింది. "బుల్లులు" అని కొట్టింది. చిన్నప్పుడు ఆడుకోవడానికి వెళ్లి తిరిగిరాని చెల్లెలి ముద్దుపేరు అది. ఇంట్లో ఆ మాటెత్తితే తల్లి కంచం ముందునుంచి లేచిపోతుంది.

బూడిదరంగు నేల పరుచుకుంది. ఇంకా ఎవరూ దిగని ఆ నేలమీద అప్పటికే అడుగులున్నాయి.

"ఇలా రా తమ్ముడూ. మన బొమ్మమనిషికి బూట్లేగా?"

"బూట్లేనక్కా. వట్టికాళ్లు మనం గీయనేలేదు." ప్రోగ్రామరు వంగి చూశాడు. పసిపాదాలు. ఎడమకాలి వెంట ఈడ్చిన గీత. "ఏదో లోపంలే. రాసివ్వు, సరిచేస్తా."

"వద్దొద్దు," అంది గాభరాగా. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మా బుల్లులు ఎడమకాలు ఈడ్చేది," అంది.

ప్రోగ్రామరు మళ్లీ ఆ గీతకేసి వంగి చూశాడు.

ఆ మధ్యాహ్నమే మేనేజరు వచ్చాడు. "ఇదేం పేరమ్మా, పిల్లిని పాలకు పిలిచినట్టు! సాయంత్రంలోగా మార్చెయ్యండి."

"అదొక్కటీ ఉండనివ్వండి సార్. ఆ పేరు పలికేవాళ్లెవరూ మిగల్లేదు."

"జాలిపడి ఎవరూ గేము కొనరమ్మా."

మార్చాల్సింది ప్రోగ్రామరే. అతను మీట మీద వేలు పెట్టి తటపటాయిస్తుంటే అక్క నెమ్మదిగా అంది: "ముందు టీ తాగి రా తమ్ముడూ. ఈలోగా ఆ అడుగుల వెంట ఒక్కసారి నడిచి చూస్తా."

అతను తిరిగి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గరి కాపలాదారు ఎవరూ బయటికి పోలేదన్నాడు. తెరమీద బొమ్మమనిషి కొండ మొదట్లో కదలకుండా నిలబడి ఉంది. దాని బూట్ల గుర్తులు అక్కడితో సరి. అక్కడినుంచి పైకి రెండు జతల వట్టికాళ్ల అడుగులు పక్కపక్కనే వెళ్లాయి. ఒక జత పసిది. రెండోది పెద్దది.

వెళ్లొస్తానని అక్క ఎవరితోనూ అనలేదు.