ఐదడుగుల మంచం

ఫర్నిచర్ షాపులో తోటివాళ్ళు అతన్ని ఇంటాయన అంటారు. ఉండడం మాత్రం అక్కావాళ్ళ హాల్లో, నేల మీద పరిచిన పరుపు మీద. సొంత ఫ్లాటుకు ముందుగా కట్టాల్సిన డబ్బు కోసం నాలుగేళ్ళుగా కడుపు కట్టుకుంటున్నాడు. పెళ్ళికి పిలిస్తే జ్వరం తెచ్చుకుంటాడు. ఎవరైనా టీ ఇప్పిస్తామంటేనే తలనొప్పి వస్తుంది. పనిలో మాత్రం చెయ్యి తిరిగినవాడు. బిల్డర్లు జనానికి చూపించే నమూనా ఫ్లాట్లలోకి ఐదడుగుల పొడవే ఉండే మంచాలు చేయడంలో అతని తరవాతే ఎవరైనా. మంచం పొట్టిదైతే గది పెద్దగా కనిపిస్తుంది మరి.

ఆ ఆదివారం అక్కను వెంటబెట్టుకుని అలాంటి ఫ్లాటొకటి చూడ్డానికి వెళ్ళాడు. పడకగది గుమ్మంలోనే నోరు తెరిచాడు. "ఎంత విశాలంగా ఉందో చూడక్కా!" అంటూ అడ్వాన్సు చెక్కు సేల్స్ అమ్మాయి చేతిలో పెట్టేసి, ఇంటి యజమాని దర్జాతో మంచం మీద వెల్లకిలా పడ్డాడు. పాదాలు రెండూ బయటికొచ్చి గాల్లో వేలాడాయి.

అక్క దుప్పటి ఎత్తి చూసింది. "ఒరే, ఇది నువ్వు చేసిందే కదరా!"

"నాదే. పనితనం చూశావా? నేనే మోసపోయాను," అన్నాడు, పాలిష్ నిమురుతూ.

"నీ పనితనం తగలెయ్య! ముందు ఆ చెక్కు వెనక్కి తీసుకో."

"ఇంకో నాలుగేళ్ళు ఆగితే, కొనగలిగే గదిలో ఈ మంచం కూడా పట్టదక్కా."

చెక్కు అక్కడే ఉండిపోయింది. ఇంటికొచ్చి అతను మోకాళ్ళు గడ్డానికి ఆనించి పరుపు మీద ముడుచుకున్నాడు. ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటున్నాడట.

"కాళ్ళు చాపుకోరా," అంది అక్క. "ఇది ఇంకా మా ఇల్లే."