పడమటి తూము

ఇప్పటికీ ఎవరైనా కొత్త ఇల్లు చూపించి "వాస్తు పక్కాగా చూసి కట్టించామండీ" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పైకి మాత్రం హాలు బాగుందనీ, వంటింట్లోకి వెలుతురు బాగా వస్తోందనీ అంటాను. కళ్ళు వాటంతటవే ఇంటి వెనక్కి పోతాయి. ఈ ఇంటి మురుగు ఎటు పోతోంది, ఎవరి మీదికి పోతోంది అని చూసుకుంటాను.

డెబ్బైల్లో మేం బెజవాడలో, ఏలూరు కాలవకి దగ్గర్లో ఒక వాటాలో అద్దెకుండేవాళ్ళం. తూర్పు ముఖం ఇల్లు. ముందు భాగమంతా ఓనరుగారిది. వెనక, పడమటి వైపు రెండు గదులూ, చిన్న వంటిల్లూ, బాత్రూమూ మావి. ఓనరుగారికి హనుమాన్ జంక్షన్‌లో లారీ టైర్ల కొట్టు ఉండేది. మా నాన్న బట్టల కొట్లో గుమాస్తా. ఓనరుగారు ఎదురుపడితే చాలు, భుజం మీది కండువా తీసి చేత్తో పట్టుకునేవాడు. అది చూస్తే నాకు చిర్రెత్తుకొచ్చేది. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను, అన్నిటికీ చిర్రెత్తుకొచ్చే వయసే, కానీ ఆ కండువా విషయంలో నాదే న్యాయమని ఇప్పటికీ నమ్ముతాను.

ఆ ఇంటి నేల వెనక్కి, అంటే కాలవ వైపుకి, పల్లం. అందుకని రెండు వాటాల మురుగూ మా బాత్రూం పక్కనున్న తొట్టిలో పడి, పడమటి గోడకున్న తూములోంచి సందులోని సైడు కాలవలోకి పోయేది. ఏళ్ళ తరబడి దాని సంగతి ఎవరూ తలుచుకోలేదు.

ఆ ఏడు టైర్ల వ్యాపారం పడుకుంది. ఓనరుగారు కంకిపాడు నుంచి ఒక వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. ఆయన ఇల్లంతా తిరిగి, మా వాటాలోకీ వచ్చి, మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, "నీళ్ళు పడమటికి పోతున్నాయండీ, లక్ష్మి కూడా వాటితోపాటే పోతోంది" అని తేల్చాడు. నీళ్ళు ఈశాన్యం నుంచే బయటికి వెళ్ళాలట. కాఫీ ఎందుకిచ్చామా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. వెంటనే తాపీ మేస్త్రీ వచ్చాడు, పడమటి తూముని సిమెంటుతో మూసేశాడు, తొట్టి దగ్గర్నుంచి ముందు వీధి దాకా గొట్టం వేశాడు. పల్లం నుంచి మెరకకి! నీళ్ళు ఎక్కగలిగినంత ఎక్కి, మిగతాది వెనక్కొచ్చి మా బాత్రూం గచ్చు మీద నిలబడేది. వాళ్ళింట్లో ఎవరు స్నానం చేసినా మా ఇంట్లో తెలిసిపోయేది. ఏం కూర వండుకున్నారో కూడా తెలిసేది.

అమ్మా నేనూ రేకు డబ్బాతో తోడి బకెట్లకెత్తి సందులో పారబోసేవాళ్ళం. బ్లీచింగు చల్లేవాళ్ళం. మళ్ళీ వచ్చేది.

సరిగ్గా అప్పుడే మా అక్క తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. పెద్దాసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లినీ పిల్లనీ ఇంటికి తెచ్చి వెనక గదిలో, బాత్రూం పక్కన, పడుకోబెట్టాం. పురిటి గదంటే ఓ మూలగా, ఎవరికీ తగలకుండా ఉండాలి కదా. ఆ పట్టింపు మా అమ్మకీ గట్టిగానే ఉండేది. అక్కకి పథ్యం పెట్టి వచ్చాక చీర మార్చుకోనిదే పొయ్యి దగ్గరికి వెళ్ళేది కాదు.

మురుగు బాత్రూం గడప దాటి ఆ గదిలోకి వచ్చింది. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టాం. గడపకి గోనెసంచులు అడ్డం వేశాం. సాంబ్రాణి పొగ వేస్తే ఆ వాసనా ఈ కంపూ కలిసి ఇంకా అన్యాయంగా ఉండేది. అక్క ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పిల్లకి పాలిచ్చేది. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసేది. బాలింత తిండి మానేస్తే పిల్లకి పాలెక్కడివి?

నాన్న ఓనరుగారి దగ్గరికి వెళ్ళాడు. మాట సరిగ్గా అడగడని నేనూ వెంట వెళ్ళాను.

"ఆ పడమటి తూము ఒక్కటీ మళ్ళీ తీయిస్తే బాగుంటుందండీ. పురిటి గదిలోకి వచ్చేస్తోందండీ" అన్నాడు నాన్న.

"చూద్దాం లెండి. ఇప్పుడు మూఢం కదా. మూఢంలో ఇంట్లో గునపం దించకూడదు. అది వెళ్ళాక మంచిరోజు చూసి మేస్త్రీకి కబురు పెడతాను" అన్నారు ఓనరుగారు.

"పోనీ, అంతవరకూ బాలింతని మా ముందు గదిలోకి మారుస్తామండీ" అన్నాను నేను.

లోపల్నుంచి ఆయన భార్య మాట వినిపించింది. "ఆ గోడకి ఇవతల మా దేవుడి గది ఉందమ్మాయ్. పురిటి స్నానం కాని మనిషిని అక్కడ పడుకోబెడితే మాకు మైల కాదూ?"

మీ ఇంటి మురుగు మా పసిపిల్ల మంచం కింద నిలబడితే అది మైల కాదా అని అడగబోయాను. నాన్న నా చెయ్యి గట్టిగా నొక్కాడు. మా వాటాలోకి వచ్చాక, "పచ్చి బాలింతతో రోడ్డున పడితే ఎవరిస్తారే వాటా?" అన్నాడు. ఆయన భయం నిజమే. ఆ నిజానికే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

తర్వాత ఓనరుగారి తండ్రి ఆబ్దికం వచ్చింది. ఊళ్ళ నుంచి చుట్టాలు దిగారు. అందరూ తలస్నానాలే. పైగా ఇల్లంతా బిందెలతో కడిగారు. పొద్దున్నే ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా మా మీదికి తన్నుకొచ్చాయి. గోనెసంచులు తేలిపోయాయి. అక్క కునుకు తీస్తోంది. చీరతో కట్టిన ఉయ్యాల కాస్త కిందికి వేలాడుతోంది. పిల్ల ఏడుపు విని అమ్మ వెళ్ళి చూసేసరికి ఉయ్యాల అడుగంతా మురుగులో నానుతోంది. పిల్ల వీపు తడిసిపోయి ఉంది. ఒంటికి పచ్చటి నురగ అంటుకుని ఉంది.

అమ్మ పిల్లని తీసి నా చేతుల్లో పెట్టింది. పెరట్లో ఓనరుగారి కొబ్బరిచెట్టు పాదులు తవ్వే గునపం ఉంటే తీసుకుని పడమటి గోడ దగ్గరికి వెళ్ళింది.

మొదటి దెబ్బకే ముందు వాటాలో మంత్రం ఆగిపోయింది. ఓనరుగారు తడిపంచెతోనే పరిగెత్తుకొచ్చారు. వెనకాల చుట్టాలు.

"ఏంటమ్మా ఇది! మూఢంలో గునపం వేస్తారా? నా ఇల్లు ఏమైపోవాలి?"

అమ్మ ఆగలేదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య రొప్పుతూ, "ఇవి మీ స్నానాల నీళ్ళండీ. నా మనవరాలు వీటిలో పడుకుంది" అంది.

సిమెంటు పెచ్చు ఊడిపడింది. నీళ్ళు ఒక్క ఊపున సందులోకి దూకాయి. గదిలో గచ్చు బయటపడింది. అంత తేలిగ్గా పోయే నీళ్ళు. నాకప్పుడు దుఃఖం ఆగలేదు.

ఆ పూటే ఖాళీ చెయ్యమన్నారు ఓనరుగారు. నాన్న కండువా తియ్యలేదు. "అట్లాగేనండీ" అని మాత్రం అన్నాడు. కొండపల్లిలో మా పిన్ని ఉండేది. బాలింతనీ పిల్లనీ పాసింజరు బండిలో అక్కడికి తీసుకెళ్ళాం. పిల్ల వీపంతా పొక్కులు లేచాయి. మందు రాస్తుంటే అది ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బతికింది, పెద్దదైంది. ఓనరుగారిని మాత్రం నేను క్షమించలేదు, క్షమించను కూడా.

మిగిలిన సామాన్లకోసం అమ్మా నేనూ రెండు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాం. మా వాటా తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. పురిటి మైల పోవడానికి ఓనరుగారి భార్య గదిగదికీ పసుపునీళ్ళు చల్లిస్తోంది. పడమటి గోడ దగ్గర మేస్త్రీ కూర్చుని, ఓనరుగారు దగ్గరుండి చూపిస్తుండగా, తూముని తడి సిమెంటుతో మూస్తున్నాడు.

మూఢం ఇంకా వెళ్ళలేదు.