ఎండాకాలం ప్రశ్నకు నేను వేసిన సున్నా

2023 ఫిబ్రవరి. మలికిపురంలో ఒక ప్రైవేటు స్కూలు హాల్లో మండల స్థాయి సైన్సు క్విజ్ పెట్టేరు. నేను ఆ దగ్గర్లోనే ఒక ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. ఇరవై రెండేళ్ల సర్వీసు. పిల్లల మీద కోపం రాని రోజంటూ ఉండదు, సాయంత్రం బస్సెక్కేసరికి అది పోతుంది కూడా. ఆ రోజు వచ్చిన కోపం మాత్రం ఇంతవరకూ పోలేదు. అందులో సగం నా మీదే.

ముందు కెజియా సంగతి చెప్పాలి. అప్పటికి ఎనిమిదో తరగతి. వాళ్ల నాన్న యేసురత్నం కొబ్బరికాయలు వలిచే పని చేస్తారు. క్విజ్‌కి ముందు, బడి ఏడాది మొదట్లో, జులైలో ఋతువుల గురించి చెబుతూ పిల్లలకి ఒక పని అప్పగించేను. స్కూలు ఆవరణలో మీటరు పొడవు కర్ర నిలువుగా పాతి, మధ్యాహ్నం దాని నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడు కొలిచి రాయమన్నాను. రెండు వారాలయ్యేసరికి అందరూ మానేసేరు. కెజియా మానలేదు. అన్నం కంచం పక్కన పెట్టి, స్కేలు పట్టుకుని ఎండలో కూర్చునేది. మబ్బు పట్టిన రోజున పుస్తకంలో "మబ్బు" అని రాసేది.

జులైలో నీడ దక్షిణం వైపు పడింది. ఆగస్టు మొదటి వారంలో ఒక రోజు అసలు కనబడనే లేదు. దాన్ని జీరో షాడో డే అంటారు, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజు. మన ప్రాంతంలో ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఆ తర్వాత నీడ ఉత్తరానికి మళ్లి, పెరుగుతూ పెరుగుతూ డిసెంబరుకి ఎనభై నాలుగు సెంటీమీటర్లయింది.

చలికాలంలో సూర్యుడు దూరంగా పోతాడా, కిందికి దిగుతాడా అని కెజియా నన్నడిగింది. భూమి బొంగరంలా తిరుగుతుంది కదా, ఆ తిరిగే ఇరుసు కొంచెం వాలి ఉంటుంది, దాన్ని యాక్సియల్ టిల్ట్ అంటారని చెప్పేను. మనం సూర్యుడి వైపు వాలి ఉన్న నెలల్లో ఎండ నిటారుగా పడి మాడుస్తుంది, పగలూ ఎక్కువసేపు ఉంటుంది. అవతలికి వాలి ఉన్న నెలల్లో ఏటవాలుగా పడి పల్చబడిపోతుంది. నిజానికి ఏడాది మొత్తంలో భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లోనే. అది ఆ పిల్ల ఓ పట్టాన నమ్మలేదు. మర్నాడు వచ్చి, జనవరిలో ఆస్ట్రేలియాలో క్రికెట్ ఆడేవాళ్లు చెమటలు కక్కుతూ ఉంటారు కదండీ, దూరాన్ని బట్టే అయితే అక్కడా చలి ఉండాలి అంది. పాఠం నేను చెప్పేను గానీ రుజువు తనే తెచ్చుకుంది.

క్విజ్ చివరి రౌండుకి మా జట్టూ, ఆ ప్రైవేటు స్కూలు జట్టూ సమానంగా ఉన్నాయి. గెలిచినవాళ్లు అమలాపురంలో జిల్లా పోటీకి వెళ్తారు. ప్రశ్నలు అడుగుతున్నది ఆ స్కూలు కరస్పాండెంటుగారు, పెద్దమనిషి. మా స్కూలుకి బెంచీలు కూడా ఇచ్చేరు. బోర్డు మీద మార్కులు వేసే పని నాది.

వాళ్ల ప్రశ్నకి వాళ్లు సరిగ్గానే చెప్పి మార్కు తెచ్చుకున్నారు. చివరి ప్రశ్న మా వాళ్లకి వచ్చింది. వేసవిలో ఎండ ఎందుకు ఎక్కువ? కెజియా లేచి, భూమి ఇరుసు వాలి ఉండటం వల్లనండీ అంది. ఆయన చేతిలో ఉన్న జవాబుల కీ చూసుకుని, కాదమ్మా, భూమి సూర్యుడికి దగ్గరగా రావడం వల్ల అన్నారు. కెజియా కూర్చోలేదు.

"దగ్గరగా ఉండేది జనవరిలోనండీ," అంది.

"జనవరిలో దగ్గరగా ఉంటే మరి దుప్పట్లెందుకు కప్పుకుంటామమ్మా?" అన్నారాయన నవ్వుతూ.

హాలంతా నవ్వింది. టీచర్లు కూడా నవ్వేరు, సైన్సు టీచర్లు. ఆయన నా వైపు తిరిగి, "సున్నా వేసేయండి మేడం," అన్నారు. మా హెడ్మాస్టరుగారు ముందు వరసలో కూర్చుని, ఊరుకోమన్నట్టు నాకేసి కళ్లతోనే చెప్పేరు. నేను సుద్దముక్క తీసుకుని సున్నా వేసేను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కెజియా నా పక్కనే కూర్చుంది. దిగబోయే ముందు అడిగింది.

"టీచరుగారండీ, నేను తప్పు చెప్పేనాండి?"

"లేదమ్మా. నువ్వు చెప్పిందే రైటు."

"మరి మీరు సున్నా ఎందుకేసేరండి?"



మర్నాడు పాఠ్యపుస్తకం, కెజియా నీడల పుస్తకం రెండూ పట్టుకుని మండల విద్యాధికారి దగ్గరికి వెళ్లేను. ఆయన పుస్తకం తెరవలేదు. ఒక్క మార్కు కోసం గొడవ దేనికండీ, పేర్లు పంపించేసేం అన్నారు. అక్కణ్ణించి కరస్పాండెంటుగారి దగ్గరికి వెళ్లేను. కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, ఎంతో మర్యాదగా మాట్లాడేరు.

"ఆయ్, మీరు చెప్పిందే కరెక్టయి ఉండొచ్చండి. కానీ కీలో ఉన్నది అది కాదు కదండీ."

ఆ కీ ఏదో గైడు చూసి రాసింది. ఆ గైడే వాళ్ల స్కూల్లో వందల మంది పిల్లలు బట్టీ పడుతున్నారు. తెలియక తప్పు చెబితే నాకు కోపం రాదు, నేనూ చెబుతాను. తప్పని తెలిశాక కూడా కాఫీ తాగుతూ దాన్ని అలాగే ఉంచేయడం చూస్తే ఒళ్లు మండిపోయింది. కనీసం వాళ్ల పిల్లలకైనా సరైనది చెప్పించమన్నాను. చూద్దామండి అన్నారు. కాఫీ ముట్టుకోకుండా లేచొచ్చేసేను.

ఇదంతా ఒక ఎత్తు, మూడో రోజు జరిగింది ఒక ఎత్తు. పొద్దున్నే యేసురత్నం గారు పనిలోకి పోకుండా స్కూలుకొచ్చేరు. స్టాఫ్ రూం గుమ్మం బయటే నిలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మా పిల్ల వల్ల మీకు మాటొచ్చిందటండీ. పెద్దాయనకి ఎదురు చెప్పిందట. తెలియక వాగింది, ఏమీ అనుకోకండి," అన్నారు.

కూతురు సరైన జవాబు చెప్పినందుకు తండ్రి క్షమాపణ అడుగుతున్నాడు. ఎవరో చెప్పి పంపించేరు. ఎవరని నేనడగలేదు. అసెంబ్లీ జరుగుతోంది, వచ్చి పిల్లల వెనక నిలబడమని ఆయన్ని బతిమాలేను.

హెడ్మాస్టరుగారి అనుమతి అడగలేదు. మైకు తీసుకుని చెప్పేను. కెజియా చెప్పిన జవాబు సరైనది, సున్నా వేసింది నేను, తప్పని తెలిసి వేసేను, భయపడి వేసేను అన్నాను. ఇంతమంది ముందు స్కూలు పరువు తీసేరు అని హెడ్మాస్టరుగారు తర్వాత తన గదిలో అన్నారు. పరువు క్విజ్ రోజునే పోయింది సార్ అన్నాను. ఆ ఏడాది మా ఇద్దరికీ మాటల్లేవు.

జిల్లా పోటీ అయిపోయింది, మా వాళ్లు లేకుండానే. అది పోతే పోయింది. పోయినది ఇంకొకటి ఉంది. కెజియా క్లాసులో చెయ్యెత్తడం మానేసింది. పేరు పెట్టి అడిగితే లేచి, ముందు నా మొహం చూసేది, నాకే జవాబు కావాలో వెతుక్కుంటున్నట్టు. నేను మైకులో చెప్పిన మాటలు దాన్ని బాగు చేయలేదు. ఎనిమిది నెలలు ఎండలో కూర్చుని కొలుచుకున్న పిల్లకి, కొలత కన్నా మొహాలు ముఖ్యమని మేమంతా కలిసి ఒక్క నిమిషంలో నేర్పేసేం.

అలా ఏడాదిన్నర గడిచింది. పదో తరగతిలో ఉండగా ఒక రోజు బోర్డు మీద చంద్రకళలు గీస్తున్నాను. అమావాస్య తర్వాత అష్టమినాటి సాయంత్రం కనబడే సగం చంద్రుణ్ణి గీసి, తొందరలో తూర్పు సగాన్ని వెలుగుగా ఉంచి పడమర సగాన్ని నల్లగా రుద్దేసేను. వెనక బెంచీ చప్పుడైంది.

"అది తప్పండి," అంది కెజియా. "సూర్యుడు పడమట ఉంటే వెలుగూ ఆ వైపే ఉండాలి కదండీ. నిన్న సాయంత్రం చూసేను."

నా మొహం కేసి చూడలేదా పిల్ల. బోర్డు కేసే చూస్తోంది. అవునమ్మా, తప్పే అని చెరిపేసి, సుద్దముక్క తన చేతికిచ్చేను. వచ్చి గీసింది.

గ్రహాలూ నక్షత్రాలూ ఎవరైనా నేర్పగలరు, పుస్తకాల్లో ఉన్నాయి. పెద్దవాళ్ల ముందు నిలబడి కాదండీ అనగలిగే ధైర్యం పుస్తకంలో లేదు, అది పిల్లలు తెచ్చుకుంటారు. దాన్ని కాపాడటానికే మాకు జీతమిస్తున్నారని ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు అర్థమైంది ఆ రోజే.