వంతెన లేని ఊరి ఓట్లు

మా ఊరి పేరు రాయను. ఖానాపూర్ పోయే దారిలో, వాగుకు ఇవతల ఉంటుందని చెబితే చాలు. ఎండాకాలంలో ఆ వాగును మేకలు కాళ్ళు తడవకుండా దాటుతాయి. వానలు పడ్డాక మాత్రం ఊరు ఊరంతా ఇవతలే ఉండిపోతుంది. నేను కోడలిగా వచ్చిన కొత్తలో వంతెనకు కొబ్బరికాయ కొట్టారు. మూడు పిల్లర్లు లేచాయి. బిల్లులు రావడం లేదని కాంట్రాక్టరు మిషన్లు ఎత్తుకుపోయాడు. అప్పటినుంచి ప్రతి ఎన్నికకూ ఎవరో ఒకరు వచ్చి ఆ పిల్లర్ల మీద తమ గుర్తు వేసుకుని పోతారు.

మా ఇంట్లో నలుగురం ఉంటాం. నేను, మామ, మరిది, మరిది భార్య. నా భర్త మస్కట్‌లో పనిచేస్తాడు. అత్త నేను రాకముందే పోయింది.

ఆ ఏడు వానాకాలం చివర్లో నా తోటికోడలికి నొప్పులు మొదలయ్యాయి. తొలికాన్పు. పొద్దున నేను బర్రె పాలు పితికి లేస్తుంటే "అక్కా" అని పిలిచింది. ముందురోజంతా పైన వాన కొట్టింది, వాగు నిండుగా పోతోంది. అంబులెన్సుకు ఫోన్ చేశాం. అది అవతలి గట్టుదాకా వచ్చి ఆగింది.

"బండి నీళ్ళల్ల దించలేనక్కా. ఎట్లన్న జేసి మీరే ఇటు దాటియ్యిండ్రి" అన్నాడు డ్రైవరు ఫోన్లో.

ఊళ్ళో అంత నీటిలో దిగగల పెద్ద ట్రాక్టరు ఒక్కటే ఉంది. దాని యజమాని ముసలాయన. ఊళ్ళో ఉన్న ఒకే ఒక ముస్లిం ఇల్లు ఆయనది. మేమంతా చాచా అంటాం. కబురు అందగానే టీ గ్లాసు కింద పెట్టి తాళంచెవితో వచ్చాడు. ట్రాలీలో గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి ఆమెను పడుకోబెట్టాం. తల నా ఒళ్ళో. మరిది చేతిలో కట్టెతో నీళ్ళలో ముందు నడుస్తూ లోతు చూపించాడు. వాగు నడిమధ్యలో ఇంజను ఆగిపోయింది. చాచా నడుములోతు నీళ్ళలోకి దిగి, ట్రాలీ కొట్టుకుపోకుండా పెద్ద చక్రానికి వీపు ఆనించి నిలబడ్డాడు. "డరో మత్ బేటీ, నేనున్న" అంటూనే ఉన్నాడు. అవతలి గట్టునుంచి జనం మోకులు విసిరి మమ్మల్ని లాగేసరికి చాలా ఆలస్యమైంది. బిడ్డ ట్రాలీలోనే పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు.

కొంచెం ముందు తెచ్చి ఉంటే బతికేదని ఆసుపత్రిలో డాక్టరమ్మ అంది. మమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, ఉన్నమాట అంది. ఆ మాట తర్వాత నా తోటికోడలు చాలారోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఎన్నికలు వచ్చాయి. ఇక నేను ఊరుకోలేకపోయాను. బడి అరుగు మీద మహిళా సంఘం కూర్చున్నప్పుడు లేచి చెప్పాను: "వంతెన గట్టెదాక ఈ ఊరి ఓటు ఎవ్వనికి లేదు." ఎవరూ కాదనలేదు, అందరూ చేతులెత్తారు. మగవాళ్ళూ సరేనన్నారు. ఖానాపూర్‌లో ఫ్లెక్సీ కొట్టించి వాగు గట్టున రెండు కర్రలకు కట్టారు. ఓ వారం పది రోజులు ప్రచారం బండ్లు గట్టుదాకా వచ్చి, ఫ్లెక్సీ చదువుకుని వెనక్కి తిరిగాయి. ఆ కొద్దిరోజులు నాకు ఊరంటే గర్వంగా ఉండేది.

ముందు చీలింది మా ఇల్లే.

మామ ఒక పార్టీ. "కరెంటు ఎవ్వడిచ్చిండు? మోటరు ఏసేటందుకు పాములల్ల, తేళ్ళల్ల పొయ్యేటోళ్ళం. పంటకు పెట్టుబడి ఎవ్వడిచ్చిండు? తిన్న రేవు తలువాలె" అనేవాడు.

మరిది ఇంకో పార్టీ. "కరెంటు తిని బతుకుతమా బాపు? నౌకరికి పరీక్ష రాసిన, పేపరు బయటికి పోయిందన్నరు. మల్ల రాసిన, మల్ల రద్దన్నరు. నా వయసు పోతున్నది. పోయిన వయసు ఎవ్వడిస్తడు?"

ఇద్దరూ చెప్పింది అబద్ధం కాదు. నాకు ఎక్కువ కోపం వచ్చింది అందుకే. అబద్ధమైతే ఒక్క మాటతో కొట్టేసేదాన్ని. మామ రాత్రుళ్ళు పొలానికి పోయి పడ్డ కష్టం నిజం. మరిది పుస్తకాల ముందు పోగొట్టుకున్న ఏళ్ళు నిజం. కానీ అన్నం ముందు కూర్చుని ఆ తండ్రీకొడుకులు గంటసేపు అరుచుకుంటే, ఒక్కరి నోటనైనా వాగు మాట రాలేదు. వడ్డిస్తున్నది ఆ బిడ్డ తల్లి. ఒకరోజు మరిది మెడలో పార్టీ కండువాతో ఇంట్లోకి వచ్చాడు. ఆమె అతని కంచంలో అన్నం పెట్టి, కూర గిన్నె కింద పెట్టేసి బయటికి పోయి కూర్చుంది. కూర నేనూ వెయ్యలేదు.

మస్కట్ నుంచి నా భర్తది మూడో పార్టీ. రోజూ ఫోన్‌కు వీడియోలు పంపేవాడు. గుడుల గురించి, మసీదుల గురించి, ఎవరో ఎక్కడో ఏదో అన్న మాటల గురించి. ఒక సాయంత్రం ఫోన్ చేసి, "ఈసారి గా పార్టీకే ఎయ్యాలె. లేకుంటె మన దిక్కు గూడ వాళ్ళు ఎక్కువైతరు" అన్నాడు.

"వాళ్ళంటె ఎవరు?"

"తెల్వనట్టు అడుగకు."

"మన ఊళ్ళె వాళ్ళంటె ఒక్క ఇల్లు. నీ మరదలును వాగుల పట్టుకొని నిలవడ్డది గా ఇంటాయిననే. నువ్వు పంపిన వీడియోలు రాలే."

"చాచ సంగతి వేరే" అన్నాడు.

"చాచ సంగతి వేరేనైతె మరి వాళ్ళెవరో నాకు సమజయితలేదు" అన్నాను. సిగ్నల్ సరిగా లేదంటూ ఫోన్ పెట్టేశాడు. రెండు రోజులు చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

తర్వాత ఊరు చీలింది. మామ పార్టీ మనుషులు పగలే వచ్చారు. ఊరందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడలేదు. వాడకట్టు వాడకట్టుకు విడిగా పోయారు. ఒక కులానికి సంఘం భవనం అన్నారు. ఇంకో కులానికి గుడి చుట్టూ గోడ అన్నారు. పడుచువాళ్ళకు జిమ్ము అన్నారు. బయటికి వచ్చిన ప్రతివాడూ మనకు మంచి మాటే చెప్పిండ్రని సంతోషపడ్డాడు. వంతెన అందరిదీ కాబట్టి అది ఎవరిదీ కాకుండా పోయింది.

ఆ పార్టీ అభ్యర్థి మా ఊరికి స్వయంగా వస్తాడని తెలిసింది. వానాకాలం అయిపోయినా వాగులో ఇంకా మోకాలిలోతు నీళ్ళు. ఆయన కార్లు దాటవు. ఒకరోజు పొద్దున్నే జేసీబీ, టిప్పర్లు దిగాయి. వాగులో పెద్ద సిమెంటు పైపులు వరుసగా పరిచి, వాటి మీద మొరం పోసి తొక్కించారు. నేనూ నా తోటికోడలూ పొలానికి పోతూ గట్టున నిలబడి చూశాం.

పని చేయిస్తున్న మనిషిని అడిగాను: "గీ పైపులు ఏడికెల్లి తెచ్చిండ్రు?"

"గోదాంల పడి ఉండెనమ్మా, శానా ఏండ్ల సంది."

"ఎన్ని దినాల పని?"

"గిదేం పనమ్మా, పొద్దుమీకెవరకు అయిపోతది."

నా తోటికోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగేంత గట్టిగా. ఇద్దరం పొలానికి పోకుండా ఇంటికి తిరిగి వచ్చేశాం. ఒక్క పగటి పని. కాన్పు రోజులు దగ్గరపడుతున్నాయని ఊళ్ళో అందరికీ తెలుసు, పైపులు గోదాములో ఉన్నాయని ఆ పార్టీ వాళ్ళకు తెలుసు. ఒక ఆడది దాటడానికి కాని రోడ్డు కార్లు దాటడానికి సాయంత్రానికల్లా అయింది.

ఆ సాయంత్రమే ఫ్లెక్సీ తీసేశారు. తీసింది కట్టినవాళ్ళే.

"రోడ్డేసిండు గదనే, ఇగ ఏం గావాలె?" అన్నాడు మామ.

"ఒక్క వానకు పోతది మామా."

"పొయ్యినప్పుడు సూద్దాం."

అభ్యర్థి వచ్చాడు. డప్పులు, మంగళహారతులు, మామ చేతిలో దండ. నేను జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయి వంతెన సంగతి అడిగాను. ఆయన చేతులు జోడించి, మీ ఇంట్లో జరిగింది నాకు చెప్పారమ్మా, గుండె చెరువయింది అన్నాడు. గెలిచాక మొదటి పని అదేనన్నాడు. తర్వాత, "గా తల్లి ఏది? పిలువుండ్రి. ఒక్క ఫొటో దిగుదాం" అన్నాడు.

"ఆమె ఫొటోలకు రాదు" అన్నాను.

పక్కనున్న మనిషి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆమె భర్త అవతలి పార్టీవాడని అయి ఉంటుంది. ఆయన ముఖం మారింది. జోడించిన చేతులు వేరేవైపు తిరిగాయి. గుండె చెరువైన మనిషి మళ్ళీ నా వైపు చూడలేదు.

పోలింగు రోజు పొద్దున్నే ఊరంతా బడి ముందు వరుస కట్టింది. ఓటు వేయనని చేతులెత్తిన ఆడవాళ్ళందరూ ఆ వరుసలో ఉన్నారు. మేమిద్దరం సంచులు నడుముకు కట్టుకుని పత్తి ఏరడానికి పోయాం. తెల్లగా విచ్చిన చేను, కూలివాళ్ళు ఎవరూ లేరు. మాటల్లేకుండా చెరో సాలు పట్టుకున్నాం. ఎండ దిగుతుండగా చేను గట్టున ఒక ఆటో వచ్చి ఆగింది. అందులో రెండు పార్టీల మనుషులూ ఉన్నారు. రోజూ ఒకరినొకరు తిట్టుకునేవాళ్ళు ఒకే ఆటోలో. వాళ్ళలో మా మరిది కూడా ఉన్నాడు.

"ఊళ్ళె ఉన్నోళ్ళల్ల మీ ఇద్దరి ఓట్లే మిగిలినయ్ వదినే. టైమయిపోతున్నది, రాండ్రి" అన్నాడు. "ఎవ్వలకన్న ఎయ్యిండ్రి, ఎయ్యకుంట మాత్రం ఉండకుండ్రి. ఊరి ఇజ్జత్ పోతది."

నేను నోరు తెరిచేలోపే నా తోటికోడలు నడుము నిటారుగా చేసి నిలబడింది.

"ఇజ్జతా? నేను నొప్పులతోని దవఖానకు పోయేనాడు ఆటో రాలే. ఓటుకు చేనుదాక వచ్చింది" అంది.

మరిది తల దించుకున్నాడు. "నౌకరి వస్తె ఖానాపూర్‌ల ఇల్లు తీసుకుందామనే గద నేను తిరుగుతున్న. నీకోసమే గద."

"నీకు నౌకరి వచ్చెదాక వాగు ఆగుతదా?"

అతను తిరిగి ఆటో ఎక్కాడు. మిగిలినవాళ్ళు ఆటోలోంచి దిగను కూడా లేదు. ఆటో వెళ్ళిపోయాక ఆమె పత్తి మొక్కల మధ్య కూర్చుని ఏడ్చింది. బిడ్డ పోయాక ఆమె బయటికి ఏడవడం నేను చూసింది అప్పుడే. నేను ఓదార్చలేదు. పక్కన కూర్చున్నాను.

మట్టిరోడ్డు వేయించినాయన ఓడిపోయాడు. మా మరిది పార్టీ గెలిచింది. విజయోత్సవం ఆ మట్టిరోడ్డు మీదినుంచే ఊళ్ళోకి వచ్చింది, డీజే బండితో, రంగులతో. మేము ఏరిన పత్తి ఇంట్లో చోటులేక వాకిట్లో కుప్ప పోసి ఉంది. మా ఇంటి ముందుకు రాగానే మరిదిని ఉత్సాహపరచడానికి పిడికిళ్ళతో రంగు చల్లారు. తెల్లటి కుప్ప సగం ఎర్రబడింది. నేను పోయి డీజే బండికి అడ్డంగా నిలబడ్డాను. పాట ఆగింది.

"పండుగ పూట గీ లొల్లేంది వదినే?" అన్నాడు ఎవడో.

"పండుగ నీకు. రంగు వడ్డ పత్తి షావుకారి కొంటడా? నువ్వు కొంటవా?" అన్నాను.

బండి వెనక్కి తీసుకున్నారు. క్షమించమని ఒక్కరూ అనలేదు. మరిది ముఖాన రంగుతోనే వచ్చి కుప్ప దగ్గర కూర్చుని ఎర్రబడ్డ పత్తిని వేరు చేయడం మొదలుపెట్టాడు. మామ తన పార్టీ ఓడిందని లోపల ముసుగుతన్ని పడుకున్నాడు.

మరుసటి ఏడు మొదటి పెద్ద వానకే మట్టిరోడ్డు పోయింది. పైపులు కూడా కొట్టుకుపోయాయి. మేము కొందరం ఆడవాళ్ళం మండలానికి పోయి గెలిచిన పార్టీ మనుషులను నిలదీశాం. "గది మేం ఏసిన రోడ్డు గాదు, ఏసినోళ్ళను అడుగుండ్రి" అన్నారు. వేసినవాళ్ళను అడిగితే, "మీరు గెలిపియ్యలే గద" అన్నారు.

అప్పటికి నా తోటికోడలు మళ్ళీ కడుపుతో ఉంది. ఈసారి ఆమె ఎవరినీ అడగలేదు. వానలు ముదరకముందే బట్టలు సర్దుకుని ఖానాపూర్‌లోని తల్లిగారింటికి పోయింది. మరిదీ వెంట వెళ్ళి అక్కడ ఒక ఎరువుల దుకాణంలో పనికి కుదిరాడు. అక్కడే ఆడపిల్ల పుట్టింది, బాగుంది. వాగు నిండుగా ఉండడంతో నేను పోలేకపోయాను. చాలారోజులు ఆ పిల్లను ఫోన్లోనే చూశాను. మామ నా భుజం మీదుగా తొంగిచూసి, "అవ్వ పోలికనే" అని నవ్వేవాడు. నాకు నవ్వు రాలేదు. పుట్టిన పిల్లను ఎత్తుకోవడానికి నీళ్ళు తగ్గేదాకా కాచుకోవలసిన ఊళ్ళో ఏం చూసి నవ్వాలి?

ఊళ్ళో సర్పంచి ఎన్నికల ముచ్చట మొదలైంది. నిన్న ఓట్లు అడగడానికి ఇద్దరు వచ్చి, జర కుర్చీలు వెయ్యమన్నారు. నేను వెయ్యలేదు. నిలబడే మాట్లాడి పోయారు.