తలుపేసే ప్లీడరమ్మ

మా ప్లీడరమ్మ అసలు పేరుతో ఎవరికీ పని లేదు. "తలుపేసే ప్లీడరమ్మ ఆఫీసు ఎక్కడ?" అని అడిగితే కింద సైకిళ్ళ షాపువాడు తల ఎత్తకుండానే మెట్లు చూపిస్తాడు. పిల్లల మీద పడ్డ కేసులు తప్ప ఆవిడ ఇంకేవీ పట్టదు. పిల్లల్ని తెచ్చిన పెద్దవాళ్ళని ముందు బయటికి పంపి, తలుపు వేసి, అప్పుడు మొదలుపెడుతుంది. బయటపడ్డవాళ్ళ చిటపటలు భరించడానికి బల్ల మీద నేనుంటాను. గుమాస్తాగిరీ అంటే ఇదేనని ముందే తెలిస్తే ఇంకో పని చూసుకునేవాణ్ణి.

యాభై దాటిన మనిషి. తిండి ధ్యాస తక్కువ, కోపం ఎక్కువ. ఆ కోపం పిల్లల మీద చూపించగా నేనెన్నడూ చూడలేదు. బయటికి పంపే ప్రతివాళ్ళకీ ఒకటే మాట చెబుతుంది. "మీరుంటే మీ మొహం చూసి మాట్లాడతారు. నాకు మీ మొహంతో పని లేదు." ఇలా మాట్లాడే మనిషికి కేసులెలా వస్తాయని మా ఇంట్లో అడుగుతారు. వస్తూనే ఉంటాయి.

ఒక మధ్యాహ్నం ఒక మేనమామ తన చెల్లెల్నీ, పదిహేనేళ్ళ మేనకోడల్నీ వెంటబెట్టుకొచ్చాడు. చెల్లెలు కుట్టుషాపులో గుండీలు కుడుతుంది. భర్త పోయాక కూతురితో అన్నగారింట్లోనే ఉంటోంది. ఆ షాపులో మిషన్ల మోటార్లు పోయాయి. ఈయన కొడుకు, ఇరవై దాటినవాడు, వాటిని అమ్మబోతూ దొరికిపోయాడు. అంతకుముందు సాయంత్రం అమ్మ కోసం షాపుకెళ్ళిన ఈ పిల్ల వెనక తలుపు గడియ తీస్తుంటే అక్కడి పనిమనిషి చూసిందట. దొంగకి సాయం చేసిందని కేసులో దాని పేరు కూడా ఎక్కించారు.

"ఆలోచన అంతా తనదేనని చెబుతుంది మేడం. మైనరు కదా, మందలించి వదిలేస్తారు. మావాడైతే జైలుకి పోతాడు" అన్నాడు మేనమామ, ఇంకా కూర్చోకముందే.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ గంపెడూ ఆ పిల్ల నెత్తినే పెట్టడానికి వచ్చారు. నాకు ఒళ్ళు మండింది గానీ ప్లీడరమ్మ మామూలుగానే తలుపు వైపు చూపించింది.

బయట మేనమామ నాకు చట్టం చెప్పడం మొదలుపెట్టాడు. ఊళ్ళో సగంమంది ప్లీడర్లే, చదివినవాళ్ళకే పని లేదు. తల్లి బల్ల చివర ముడుచుకుని కూర్చుంది. నోట్లో నాలుక లేని మనిషి అనుకున్నాను.

లోపల జరిగింది తర్వాత కేసు కాగితాలు రాయిస్తూ ప్లీడరమ్మే చెప్పింది. పిల్ల చిలకలా ఒప్పజెప్పిందట.

"ఆలోచన నాదే. మోటార్లు కూడా నేనే విప్పాను."

"ఎలా విప్పావు?"

"మిషను పైనున్న మరలు తిప్పి."

ఆ మిషన్లకి మోటారు బల్ల కింద ఉంటుంది. ప్లీడరమ్మ నవ్వలేదు. మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది.

"నీకు నేర్పినవాళ్ళు సరిగ్గా నేర్పలేదమ్మా. నీ చేత్తో నువ్వు చేసిందేంటి?"

"గడియ తీశాను. బావ తీసి ఉంచమన్నాడు."

"ఎందుకని అడగలేదా?"

"అడిగితే తిడతాడు. మంచి పనికి కాదని మాత్రం అనిపించింది."

"సరే, అది నీది. దానికి ఏం జవాబు చెప్పాలో ఇద్దరం కలిసి చూసుకుందాం. చెయ్యనిది నెత్తిన వేసుకోకు. మైనరువైనా నువ్వన్న మాట కాగితం మీదకి ఎక్కుతుంది. నేను పక్కన లేకుండా ఎవరడిగినా, ప్లీడరమ్మ వచ్చాక చెబుతానను. ఎక్కడా సంతకం పెట్టకు."

తలుపు తెరుచుకుంది. మేనమామ లేచాడు.

"చెప్పమన్నట్టే చెబుతుందిగా మేడం?"

"చెప్పదు. నా కక్షిదారు ఈ పిల్ల. మీ అబ్బాయికి వేరే ప్లీడర్ని పెట్టుకోండి."

ఆయన గొంతు పెంచలేదు. చెల్లెలి వైపు తిరిగాడు. "అయితే సాయంత్రానికి మీ సామాను తీసేసుకోండమ్మా."

పిల్ల తల్లి మొహంలోకి చూసింది. "నేనే చేశానని చెబుతాలే మావయ్యా" అంది.

ఉన్న నీడ పోతుందంటే ప్లీడరమ్మ మాత్రం ఏ సెక్షను చూపించి ధైర్యం చెబుతుంది?

అప్పుడు ఆ తల్లి బల్ల మీంచి లేచింది. కూతురి భుజం పట్టుకుని మళ్ళీ గదిలోకి పంపింది.

"ఇంకా నా మొహం చూసే మాట్లాడుతోంది ప్లీడరమ్మా. మీరు లోపలికెళ్ళండి" అంది. ప్లీడరమ్మ వెళ్ళాక తన చేత్తోనే తలుపు దగ్గరికి లాగి, కూతురికి వినబడేలా, "గడియ పెట్టుకో" అంది.

తర్వాత అన్నగారికి దారి ఇచ్చి పక్కకి జరిగింది. "నువ్వెళ్ళు అన్నయ్యా. సామాను కోసం నేనొస్తాను."

ఆయన మెట్లు దిగాడు. తల్లి వచ్చి నా పక్కన కూర్చుంది. లోపల గడియ పడింది.